నాలుక నలుపు పోతుంది.. పంటి మరక పోదు
యాంటీబయాటిక్‌లతో వచ్చే రంగు మార్పుల్లో దేనికి భయపడాలి? దేనికి అక్కర్లేదు?

పోలవరం: గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే ఈ ప్రాంతంలో జ్వరాల కాలం మొదలైనట్లే. గట్టు వెంబడి పల్లెల్లోనూ, మన్యం గూడేల్లోనూ ఎవరో ఒకరు మంచం పడుతూనే ఉంటారు. మందుల దుకాణం నుంచో, ఊళ్లోని ఆర్ఎంపీ వద్ద నుంచో ఐదు రోజులకు సరిపడా మాత్రలు తెచ్చుకుంటారు. జ్వరం జారుతుంది. నాలుగో రోజు పళ్లు తోముకుంటూ అద్దంలో చూసుకుంటే నాలుక నడుమ నల్లగా, నూగు పట్టినట్లు కనిపిస్తుంది. మందు వేడి చేసిందని మిగిలిన మాత్రలు పారేసేవారు కొందరు. ఇదేదో పెద్ద జబ్బేనని హడలిపోయి రాజమహేంద్రవరం బస్సు ఎక్కేవారు మరికొందరు. ఇక పెద్దవాళ్లకు రాసిన గొట్టం మాత్రను విప్పి, అందులోని పొడిని సగం తీసి తేనెలో కలిపి, మూడేళ్ల బిడ్డకు నాకించిన తల్లి మాత్రం నిశ్చింతగా ఉంటుంది. బిడ్డ నాలుకకు ఏమీ కాలేదు కదా అనుకుంటుంది.

భయపడవలసింది ఆ రెండో ఇంట్లోనే. నాలుక నలుపు కొద్ది రోజుల ముచ్చట. బిడ్డ పంటిలో చేరిన మరక మూడు నాలుగేళ్ల తర్వాత బయటపడి, జీవితాంతం అక్కడే ఉండిపోతుంది.

నాలుకపై నూగు ఎక్కడిది?

నాలుక పైభాగమంతా సన్నని నూగులాంటి బొడిపెలు పరచుకొని ఉంటాయి. మామూలుగా వీటి ఎత్తు మిల్లీమీటరుకు అటూ ఇటుగా ఉంటుంది. చర్మంపై పొర రాలినట్లే వీటి కొసలూ నిత్యం అరిగి రాలిపోతుంటాయి. అన్నం, రొట్టె, కూరముక్కలు నమిలేటప్పుడు కలిగే రాపిడే వీటిని అదుపులో ఉంచుతుంది. జ్వరం వచ్చిన మనిషి గంజి, జావ, బార్లీ నీళ్లతో కాలం గడుపుతాడు. నోరు ఎండిపోతుంది. ఓపిక లేక నాలుక గీసుకోవడం మానేస్తాడు. దానికి తోడు యాంటీబయాటిక్ మందు నోట్లో సహజంగా ఉండే సూక్ష్మజీవుల్లో కొన్నింటిని చంపి, రంగు పుట్టించే మరికొన్నింటికి చోటిస్తుంది. రాలవలసిన కొసలు రాలక పెరుగుతాయి. వాటి మధ్య కాఫీ, తేనీరు, పొగాకు మరకలు చిక్కుకుంటాయి. అలా నాలుక నల్లగానో, గోధుమ రంగుగానో, పసుపుగానో మారుతుంది. చూడటానికి రోత పుట్టించినా ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సరూ కాదు. చుట్టలు, బీడీలు కాల్చేవారిలో మందు వాడకపోయినా కనిపిస్తుంది.

దీనికి ప్రత్యేకమైన మందు అవసరం లేదు. ఉదయం, రాత్రి నాలుకను మెత్తగా గీసుకోవాలి. వేపపుల్లతో పళ్లు తోముకుని, దానినే నిలువునా చీల్చి బద్దతో నాలుక గీసుకునే పాత అలవాటు ఇక్కడ చక్కగా పనికొస్తుంది. రక్తం వచ్చేలా మాత్రం గీయరాదు. నీళ్లు ఎక్కువగా తాగుతూ, జ్వరం తగ్గగానే మామూలు భోజనం మొదలుపెడితే మందు ముగిసిన తర్వాత ఒకటి రెండు వారాల్లో చాలామందికి పూర్వపు రంగు తిరిగి వస్తుంది. మెట్రోనిడజోల్ వాడేవారికి నాలుకపై పాచి పట్టడం, నోట్లో ఇనుము చప్పరించినట్లు ఉండటం, మూత్రం రంగు ముదరడం కూడా కనిపిస్తాయి. ఇవీ తాత్కాలికమే.

నలుపుకు బదులు పెరుగు తరకల్లాంటి తెల్లని పొర కనిపించి, తుడిస్తే కింద ఎర్రగా మండుతుంటే అది వేరే సంగతి. యాంటీబయాటిక్ వల్ల అదుపు తప్పి పెరిగిన బూజుజాతి సూక్ష్మజీవి పని అది. దానికి వైద్యుడు మందు రాయాల్సిందే. పొగాకు అలవాటున్నవారి నోట్లో తుడిచినా పోని తెల్లని, ఎర్రని మచ్చగానీ, మూడు వారాలైనా మానని పుండుగానీ ఉంటే ఏ మాత్రలమీదా నెపం వేయకుండా వెంటనే చూపించుకోవాలి.

తోమితే పోయే మరకలు

పంటి రంగు మార్పుల్లోనూ రెండు రకాలున్నాయి. పైపైన పట్టేవి కొన్ని, లోపల ఇంకేవి కొన్ని. పిల్లలకు తరచుగా రాసే అమాక్సిసిలిన్-క్లావులానిక్ ఆమ్లం ద్రవ మందుతో ఒక్కోసారి పళ్లపై పసుపు, గోధుమ రంగు చార ఏర్పడుతుంది. ఇది పైపై మరకే. శ్రద్ధగా తోమితేనో, దంతవైద్యుడు శుభ్రం చేస్తేనో పోతుంది. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ టానిక్ పళ్లను నల్లగా చేస్తుంది. చిగుళ్ల వాపునకు ఇచ్చే క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు వారాల తరబడి వాడితే పళ్లతో పాటు నాలుక కూడా గోధుమ రంగుకు తిరుగుతుంది. మందు ఆపాక శుభ్రం చేయించుకుంటే సరిపోతుంది.

పంటిలో ఇంకిపోయే మందు

అసలు చిక్కు టెట్రాసైక్లిన్ కుటుంబంతో ఉంది. టెట్రాసైక్లిన్, ఆక్సీటెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్.. పేరు చివర ‘సైక్లిన్’ అని ఉంటే ఈ కుటుంబానిదేనని గుర్తుపెట్టుకోవచ్చు. చౌకైనవి, ఎన్నో జబ్బులకు పనిచేసేవి కావడంతో ఒకప్పుడు ఇంటింటా కనిపించేవి.

ఈ మందుల పుట్టుకలో గోదావరి బిడ్డకు పాత్ర ఉంది. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించి, రాజమండ్రిలో చదువుకుని, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు అక్కడి లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి సారథ్యం వహించారు. ఆయన హయాంలోనే, అక్కడ పనిచేస్తున్న వృద్ధ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ 1945లో మిస్సోరీ రాష్ట్రపు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్లలో మొట్టమొదటిది అదే. బంగారు వన్నె కలిగి ఉండటంతో లాటిన్‌లో బంగారం అనే అర్థమొచ్చే మాటతో దానికి పేరు పెట్టారు. 1948లో ఆ మందు లోకానికి వెల్లడైంది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో జబ్బుల నుంచి ఈ మందులు ప్రాణాలు కాపాడాయి. వాటి పసుపు వన్నె పిల్లల పళ్లలో తేలుతోందన్న సంగతి వైద్య పత్రికలకు ఎక్కింది 1956లో. దీర్ఘకాలం ఈ మందులు వాడిన పిల్లల్లో దీన్ని గమనించారు. 1963లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గర్భిణులు, చిన్న పిల్లల విషయంలో హెచ్చరిక చేసింది. పిల్లలకు పట్టే టెట్రాసైక్లిన్ ద్రవ మందులు మన దేశంలోనూ నిషేధిత జాబితాలో చేరాయి.

మరక పడే తీరు తెలిస్తే జాగ్రత్త ఎందుకో బోధపడుతుంది. టెట్రాసైక్లిన్‌కు సున్నం, అంటే కాల్షియం, దొరికితే వదలని గుణం ఉంది. చిగురు లోపల పన్ను రూపుదిద్దుకునేటప్పుడు ఒంట్లోని కాల్షియం అక్కడికి చేరి గట్టిపడుతుంది. ఆ సమయంలో రక్తంలో ఈ మందు ఉంటే కాల్షియంతో జతకట్టి పంటి నిర్మాణంలోనే చిక్కుకుపోతుంది. పన్ను మొలిచినప్పుడు పసుపుగా ఉంటుంది. వెలుతురు సోకేకొద్దీ ముదిరి బూడిద, గోధుమ రంగులకు మారుతుంది. అందుకే ఎదుటి పళ్లే ముందుగా నల్లబడతాయి. మందు ఏ వయసులో వాడితే ఆ వయసులో గట్టిపడుతున్న భాగంలోనే చార పడుతుంది. చెట్టు మానులో వలయాలు చూసి వయసు లెక్కించినట్లు, పంటిపై పట్టీ ఎక్కడుందో చూసి బిడ్డకు ఏ ఏడు మందు పడిందో అనుభవజ్ఞుడైన దంతవైద్యుడు అంచనా వేయగలడు.

పాలపళ్లు తల్లి కడుపులో నాలుగో నెల నుంచే గట్టిపడటం మొదలవుతుంది. శాశ్వత దంతాల్లో ఎదుటి పళ్లు బిడ్డ పుట్టిన మూడు నాలుగు నెలల నుంచి సుమారు ఐదేళ్ల వరకు, వెనుక పళ్లు ఎనిమిదేళ్ల వరకు తయారవుతూ ఉంటాయి. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఈ మందులు వద్దనే నియమం ఇక్కడి నుంచి వచ్చిందే. మూడో ఏట వాడిన మందు ఫలితం ఆరేడేళ్లకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాక గానీ కనపడదు. అప్పటికి తల్లికి ఆ మాత్ర సంగతే గుర్తుండదు. బిడ్డ సరిగా తోముకోవడం లేదని కేకలేస్తుంది. కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి పెట్టి రుద్దుతుంది. లోపలి మరక పైనుంచి రుద్దితే పోదు సరికదా, పైనున్న గట్టి పింగాణి పొర అరిగి పళ్లు జివ్వుమనడం మొదలవుతుంది. తన తప్పేమీ లేకుండానే ఆ పిల్ల బడిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంటుంది.

దంతాల నిర్మాణం పూర్తయిన పెద్దవారికి మామూలుగా ఈ బెడద లేదు. మొటిమలకు నెలల తరబడి వాడే మినోసైక్లిన్ ఒక్కటే పెద్దవారి పళ్లకూ, చిగుళ్లకూ నీలి బూడిద రంగు తేగలదు. కళ్లకు రాసే టెట్రాసైక్లిన్ ఆయింట్‌మెంట్‌తో పళ్లకు వచ్చే ముప్పేమీ లేదు.

ఫ్లోరైడ్ మరకా? మందు మరకా?

పళ్లపై మచ్చ కనిపించగానే మన రాష్ట్రంలో ముందుగా నీళ్లను తప్పుపడతారు. అందులో అర్థం లేకపోలేదు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధి గురించి తొలి నివేదిక వెలువడింది 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. నల్గొండ పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తుకు రాని తెలుగువాడు లేడు. అయితే ఫ్లోరైడ్ వల్ల పంటిపై సుద్దముక్కలాంటి తెల్లని గీతలు, వాటి మధ్య గోధుమ రంగు మచ్చలు, ముదిరితే గుంటలు ఏర్పడతాయి. ఆ ఊళ్లో అదే నీరు తాగే పిల్లల్లో పలువురికి ఉంటుంది. మందు మరక పంటి లోపలి నుంచి పసుపుగా, బూడిదగా అడ్డపట్టీల్లా కనిపిస్తుంది. ఇంట్లో ఒక్క బిడ్డకే ఉండవచ్చు. అతినీలలోహిత కాంతి దీపం కింద పసుపుగా మెరవడం దీని ఆనవాలు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు..

ఇంత చెప్పినందుకు డాక్సీసైక్లిన్ పేరు వింటేనే పారిపోకూడదు. మన్యంలో మొండి మలేరియాకు క్వినైన్‌తో కలిపి పెద్దలకు ఇచ్చేది ఈ మందే. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు దాని స్థానంలో క్లిండామైసిన్ వాడతారు. పొదల్లో తిరిగేవారిని నల్లి వంటి పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌కూ డాక్సీసైక్లిన్ ప్రధాన ఔషధం. ఒంటిపై కాలిన మచ్చలాంటి నల్లని పెచ్చు, తగ్గని జ్వరం దాని గుర్తులు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. డాక్సీసైక్లిన్ పాత టెట్రాసైక్లిన్ అంతగా కాల్షియంను పట్టుకోదు. చిన్న వయసులో తక్కువ రోజులు ఈ మందు వాడిన పిల్లల శాశ్వత దంతాలను అమెరికాలో పరీక్షించి, మరక కనిపించలేదని 2015లో ప్రకటించారు. 2018లో అక్కడి శిశువైద్యుల సంఘం ఏ వయసు వారికైనా 21 రోజుల వరకు వాడవచ్చని సూచించింది. కనుక వైద్యుడు పరీక్షించి, ఇదే అవసరమని బిడ్డకు ఐదు రోజులు రాస్తే పళ్ల భయంతో మానరాదు. ఇంట్లో మిగిలిన అట్టలోంచి తీసి, మామూలు జలుబు జ్వరానికి అదే మందు బిడ్డకు వేయడమే తప్పు. జలుబు జ్వరాల్లో అత్యధికం వైరస్‌ల వల్ల వచ్చేవి. వాటిపై ఏ యాంటీబయాటిక్ కూడా పనిచేయదు.

క్షయ రోగులకు మరో మాట. రిఫాంపిసిన్ వాడేవారికి మూత్రం, చెమట, కన్నీరు నారింజ ఎరుపుకు మారతాయి. మందులకు లొంగని క్షయకు ఇచ్చే లినెజోలిడ్‌తో కొందరికి నాలుక, పళ్లు పైపైన రంగు మారతాయి. ఈ రంగులు చూసి మందు ఆపితే జబ్బు మొండికేస్తుంది. అయితే లినెజోలిడ్ వాడేటప్పుడు పాదాల్లో తిమ్మిరి, మంట, చూపు మసకబారడం, విపరీతమైన నీరసం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రిలో చెప్పాలి. ఈ మందులో ప్రమాదకరమైనవి రంగులేని ఈ లక్షణాలే.

మందు కొనేటప్పుడు అట్ట వెనుక నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూడాలి. చీటీ లేకుండా అమ్మకూడని, సొంతంగా వాడకూడని మందులకు అది గుర్తని కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం చేపట్టింది. గర్భం దాల్చిన సంగతి, బిడ్డ వయసు వైద్యుడికి ముందే చెప్పాలి. డాక్సీసైక్లిన్ వాడే పెద్దలు ఐరన్, కాల్షియం, యాంటాసిడ్ మాత్రలను అదే వేళకు వేసుకోకూడదు. కడుపులోనే ఒకదాన్నొకటి పట్టుకుని మందు ఒంటికి అందకుండా పోతుంది. నిండు గ్లాసు నీటితో మింగి, వెంటనే పడుకోకుండా అరగంట కూర్చోవాలి. లేకుంటే అన్నవాహికలో పుండు పడే ప్రమాదం ఉంది.

లోపలి మరక ఇప్పటికే పడినవారికి దారి లేకపోలేదు. లేత మరకైతే దంతవైద్యుల పర్యవేక్షణలో తెల్లబరిచే చికిత్స చేస్తారు. మామూలు మరకలకు వారాలు చాలితే దీనికి నెలలు పడుతుంది. ముదురు పట్టీలైతే పంటి ముందుభాగంపై పలుచని పింగాణి రేకు అతికించడమో, తొడుగు వేయడమో చేస్తారు. ఈ రేకులు, తొడుగులు సాధారణంగా పెరిగే వయసు దాటాకే వేస్తారు. రాజానగరం వద్ద జీఎస్‌ఎల్, భీమవరంలో విష్ణు, ఏలూరు వద్ద దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. వెళ్లేటప్పుడు బిడ్డకు చిన్నతనంలో వాడిన మందుల చీటీలు, తల్లి గర్భిణిగా ఉన్నప్పటి కార్డు దొరికితే వెంట తీసుకువెళ్లాలి.