పల్నాట మంత్రాంగం నడిపిన మగువ.. నాయకురాలు నాగమ్మ

కారంపూడి: పల్నాటి పౌరుషమనగానే బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కన్నమదాసు స్ఫురణకు వస్తారు. వారికి దీటుగా నిలిచిన మహిళ పేరు మాత్రం నేటికీ నిందతో కలిసే వినిపిస్తుంది. ఆమే నాయకురాలు నాగమ్మ. ఎనిమిది వందల ఏళ్ల క్రితమే గురజాల కొలువులో మంత్రి పదవిని అధిష్ఠించిన ఈ వనిత, పల్నాటి మహిళల చరిత్రలో తొలి పుటలో నిలవదగినది.

ఏడు ఘడియల వరం

జనశ్రుతి ప్రకారం నాగమ్మది కరీంనగర్ ప్రాంతంలోని ఆరవెల్లి. తండ్రి చౌదరి రామిరెడ్డి. తండ్రితో కలిసి పల్నాడు చేరి, మేనమామ ఊరైన జిట్టగామాలపాడులో స్థిరపడింది. వివాహమైన కొద్దికాలానికే భర్తను కోల్పోయింది. వితంతువు గడప దాటడమే తప్పుగా భావించిన ఆ రోజుల్లో ఆమె విద్య నేర్చింది, సేద్యం చేయించింది, ఊరివారికి పెద్దదిక్కయింది. ఒక వేసవిలో పరివారంతో ఆ దారిన వచ్చిన రాజుకు చలువ పందిళ్లు వేయించి ఆతిథ్యమిచ్చింది. మెచ్చిన రాజు వరం కోరుకొమ్మంటే ఆమె అడిగింది మణులు కాదు, మాన్యాలు కాదు.. ఏడు ఘడియల మంత్రిత్వం! ఘడియ అంటే 24 నిమిషాలు. అంటే మూడు గంటలైనా నిండని అధికారం. ఆ స్వల్ప వ్యవధిలోనే తన సమర్థతను చాటి, కాలక్రమంలో నలగామరాజుకు మంత్రిగా స్థిరపడిందని కథనం.

కోడిపోరు నుంచి కారంపూడి దాకా

హైహయ వంశీయుల రాజ్యం రెండుగా చీలింది. గురజాల నలగామరాజుకు, మాచర్ల అతని సవతి సోదరుడైన మలిదేవరాజుకు దక్కాయి. మలిదేవుని పక్షాన వైష్ణవుడైన బ్రహ్మనాయుడు, నలగాముని పక్షాన శైవురాలైన నాగమ్మ నిలిచారు. కోడిపోరులో ఓడిన మాచర్ల పక్షం పందెం ప్రకారం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లింది. గడువు ముగిశాక రాజ్యభాగం తిరిగి దక్కకపోవడం, రాయబారిగా వెళ్లిన అలరాజు మరణించడంతో 12వ శతాబ్ది చివరి పాదంలో నాగులేటి ఒడ్డున కారంపూడి వద్ద మహాసంగ్రామం జరిగింది. నాగమ్మ ఆలోచన చెప్పి ఊరుకోలేదు. స్వయంగా రణరంగంలో నిలిచి సేనను నడిపింది. ఓరుగల్లులో రుద్రమదేవి పాలన ఇంకా మొదలుకాని కాలమది.

కథ చెప్పినదెవరు?

ఆమె గురించి మనకు తెలిసినదంతా ప్రధానంగా ఎదుటి పక్షపు వీరుల కథల నుంచే వచ్చింది. శ్రీనాథుని రచనగా ప్రసిద్ధమైన ‘పల్నాటి వీరచరిత్ర’ యుద్ధం జరిగిన రెండు శతాబ్దాల తరువాతిది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం దానిని పరిష్కరించి ప్రకటించారు. వీరులను దైవాలుగా కొలిచే ఆ కథల్లో ప్రత్యర్థి మంత్రి కపటిగా కనిపించడం సహజం. రాజనీతి నెరపిన పురుషుని ‘చాణక్యుడు’ అని మెచ్చుకునే లోకం అదే పని చేసిన స్త్రీని ‘జిత్తులమారి’ అంది. అయినా తెరపై ఆ పాత్ర వన్నె తగ్గలేదు. ‘పల్నాటి యుద్ధం’ పేరిట వచ్చిన చిత్రాల్లో 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మగా నటించి ఆ పాత్రకు ఠీవి తెచ్చారు.

వీరగాథలో ఇతర వనితలు

యుద్ధకథలో మరికొందరు స్త్రీలూ ఉన్నారు. భర్త బాలచంద్రుని కర్తవ్యోన్ముఖుని చేసి రణానికి సాగనంపిన మాంచాల, కన్నకొడుకును పోరుకు పంపలేక తల్లడిల్లిన ఐతాంబ, భర్త అలరాజును కోల్పోయిన పేరిందేవి వారిలో ముఖ్యులు. వీరు ముగ్గురూ భార్యలుగా, తల్లులుగా కథలోకి వస్తారు. పాలకురాలిగా వచ్చినది నాగమ్మ ఒక్కతే.

మరుగున పడరాదు

కారంపూడి వీర్లగుడి వద్ద ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరారాధనోత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనేవి ఆ ఐదు ఘట్టాలు. రాయబారం వెళ్లింది నాగమ్మ మంత్రిగా ఉన్న కొలువుకే. కోడిపోరులో ఎదుటి పక్షం ఆమెదే. ఆమె లేనిదే ఆ గాథ లేదు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ప్రత్యేక జిల్లాగా అవతరించింది. పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలకు కేటాయిస్తున్న ఈ కాలంలో, ఏడు ఘడియల అవకాశాన్ని అందిపుచ్చుకున్న ఆ తొలి మంత్రి కథను, నిందలను పక్కనపెట్టి పాఠశాల బాలికలకు చెప్పవలసిన బాధ్యత జిల్లావాసులపై ఉంది.