నిజాము దర్బారు నుండి బ్రిటిష్ పార్లమెంటుకు: సర్ రిచర్డ్ టెంపుల్

చార్మినారు పరిసరాలు అనగానే మనకు కుతుబ్‌షాహీలు, నిజాములు గుర్తుకు వస్తారు. ఆ పాతనగరంలోని నిజాము దర్బారుకు హాజరైన ఒక ఆంగ్లేయుడు తరువాత పదేళ్లపాటు బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడిగా ఉన్నాడు. ఆయనే సర్ రిచర్డ్ టెంపుల్. తెలుగు సంఘ చరిత్రను అధ్యయనం చేసేవారు ఆయనను దాటి వెళ్లలేరు.

టెంపుల్ క్రీ.శ. 1826లో ఇంగ్లండులో జన్మించాడు. రగ్బీ, హెయిలీబరీలలో చదివి, బెంగాల్ సివిల్ సర్వీసులో చేరాడు. పంజాబులో జాన్ లారెన్సు వద్ద పనిచేసి, అనంతరం మధ్యపరగణాల చీఫ్ కమిషనరు అయ్యాడు. నాగపూరు మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ గారు 1863లో వాగు దాటుతూ మునిగి మరణించారు. గోండుల గురించి ఆయన వ్రాసిపెట్టిన ప్రతులను టెంపుల్ పరిష్కరించి 1866లో ప్రచురించాడు. ఆదిలాబాదు గోండుల మధ్య పరిచర్య చేసేవారికి అది నేటికీ ఉపయోగపడే గ్రంథం.

1867లో ఆయన హైదరాబాదు రెసిడెంటుగా వచ్చాడు. నివాసం మూసీకి ఉత్తరాన, కోఠీలోని రెసిడెన్సీ భవనం. నిజాము అఫ్జలుద్దౌలా, దివాను సాలార్‌జంగ్. అప్పటి దర్బారులో రెసిడెంటు సైతం పాదరక్షలు విడిచి నేలపై కూర్చోవలసిందే; ఆ ఆచారం 1869లో గాని మారలేదు. టెంపుల్ ఇక్కడ ఉన్నది ఏడాదిలోపే. అయినా ఆ రోజుల దినచర్యను వ్రాసుకున్నాడు. దానిని ఆయన కుమారుడు 1887లో వెలువరించాడు.

అసలు విషయం క్షామాలది. 1874లో బీహారులో కరువు రాగా టెంపుల్ బర్మా నుండి పెద్దఎత్తున బియ్యం తెప్పించాడు. ఆకలి చావులు బహు స్వల్పం. కాని దుబారా చేశాడని ప్రభుత్వ వర్గాలు నిందించాయి. ప్రాణాలు కాపాడినందుకు వచ్చిన నింద! 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పొదుపు చేయమని చెప్పి ఆయననే మద్రాసు రాజధానికి పంపాడు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అప్పుడు ధాత కరువులో అల్లాడుతున్నాయి. టెంపుల్ పురుషుని రోజుకూలిని ఒక పౌను ధాన్యానికీ, దానిపై ఒక అణాకూ తగ్గించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మట్టిపని చేసే మనిషికి అది చాలదని మద్రాసు పారిశుధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ సంవత్సరంలోనే కూలి మళ్లీ పెంచవలసివచ్చింది.

ఇదే కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకంలో మూడు మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకొని వేలాదిమందికి పని కల్పించారు. కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని కరువుకాలమంతా బాప్తిస్మములు నిలిపివేశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనం తరచుగా చెప్పుకుంటాం. దాని వెనుకనున్న ఆకలిని, ఆ పౌను ధాన్యం లెక్కను అంతగా చెప్పుకోము. టెంపుల్ మిషనరీలకు మిత్రుడే. అంతమాత్రాన ఈ లెక్క చిన్నదైపోదు. పైవారి ఆజ్ఞ అన్న సమాధానమూ నాకు చాలినదిగా తోచదు. ఎంత ధాన్యముంటే మనిషి బ్రతుకుతాడో బీహారులో ఆయన స్వయంగా చూచినవాడే.

ఆ కరువు ఇంకా సాగుతుండగానే టెంపుల్ బొంబాయి గవర్నరు అయ్యాడు. 1880లో ఆ పదవికి రాజీనామా చేసి, కన్సర్వేటివు అభ్యర్థిగా పోటీచేసి ఓడాడు. 1885లో ఈవ్‌షాము నుండి, 1892లో కింగ్‌స్టన్ నుండి గెలిచాడు. మధ్యలో పాలస్తీనా దృశ్యాలను స్వయంగా చిత్రించి 1888లో గ్రంథంగా తెచ్చాడు. 1895లో పార్లమెంటు విడిచి, 1902 మార్చి 15న లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో మరణించాడు.