గురి కుదరాలంటే దగ్గరికెళ్లాలి

తొర్రూరు నుంచి వరంగల్ వెళ్లే దారిలో మామునూరు దగ్గర నిజాం కాలపు విమానాశ్రయం ఉంది. ఆ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళాలకు గుర్తుగా బ్రిటిష్ వాయుసేన తన దళాలు కొన్నింటికి హైదరాబాద్ పేరు పెట్టుకుంది. 1940లో బ్రిటన్ ఆకాశంలో జర్మన్లతో జరిగిన పోరులో వాటిలోని 152వ దళం స్పిట్‌ఫైర్లతో, 253వ దళం హరికేన్లతో తలపడ్డాయి. అవే విమానాలు ఇప్పుడు ‘ఐఎల్-2 స్టుర్మోవిక్: క్లిఫ్స్ ఆఫ్ డోవర్’ లాంటి సిమ్యులేటర్ గేముల్లో కుర్రాళ్ల చేతికొచ్చాయి. ఎగరడం త్వరగానే పట్టుబడుతుంది, తూటా మాత్రం తగలదు. చెయ్యి నిలకడగా లేదనో, జాయ్‌స్టిక్ నాసిరకమనో అనుకుంటారు. నిజానికి ఎక్కువసార్లు దెబ్బతీసేది దూరం.

లెక్క చూద్దాం. ఆ విమానాల్లోని బ్రౌనింగ్ తుపాకీ తూటా 300 మీటర్లు దాటడానికి స్థూలంగా 0.4 సెకన్లు పడుతుంది. గంటకు 450 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోతున్న శత్రువు ఈలోగా 50 మీటర్లు జరిగిపోతాడు, అంటే ఐదారు విమానాల పొడవు. ఎగిరే పిట్టను ఉండేలుతో కొట్టేవాడు పిట్ట ముందున్న గాలిని కొట్టినట్టే ఇక్కడా శత్రువు ముందుకు గురి పెట్టాలి. ఎంత ముందుకన్నది అంచనాయే, అంచనాలో పొరపాటు తప్పదు. ఒక్క డిగ్రీ తేడా వస్తే 300 మీటర్ల దగ్గర తూటా ఐదు మీటర్లు పక్కకు పోతుంది. 100 మీటర్ల దగ్గరైతే రెండు మీటర్లు కూడా పోదు, విమానంలో ఎక్కడో ఓ చోట తగులుతుంది. సరిగ్గా వెనక నుంచి వెళితే ముందుకు గురి పెట్టాల్సిన అవసరమే దాదాపు ఉండదు.

ఈ సంగతి నాటి పైలట్లకు నెత్తురు ధారపోశాక తెలిసింది. రెక్కల్లోని ఎనిమిది తుపాకుల తూటాలు 400 గజాల దూరంలో ఒకచోట కలిసేలా మొదట అమర్చారు. సైలర్ మలాన్ లాంటి అనుభవజ్ఞులు దాన్ని 250 గజాలకు తగ్గించారు. గురి కచ్చితంగా కుదిరాకే, అదీ ఒకటి రెండు సెకన్లే కాల్చమన్నారు. స్పిట్‌ఫైర్‌లో ఒక్కో తుపాకీకి 300 తూటాలు, మొత్తం పదిహేను సెకన్ల కాల్పులకే సరి. చాలా గేముల్లో ఈ కలయిక దూరాన్ని మనమే మార్చుకోవచ్చు, చాలామంది దాని జోలికే పోరు. 250 మీటర్లకు పెట్టుకుని 500 మీటర్ల నుంచి కాలిస్తే, కలిసిన తూటాల దారులు మళ్లీ రెక్కలంత ఎడంగా విడిపోతాయి. అప్పుడు గురి సూటిగా ఉన్నా తూటాలు శత్రువుకు రెండు పక్కల నుంచీ పోవచ్చు.

1942లో మాల్టా మీద కెనడా పైలట్ జార్జ్ బర్లింగ్ పక్కవాటుగా కాల్చి ఎన్నో విమానాలను కూల్చాడు కదా అని అడగవచ్చు. నిజమే. కానీ అది కోణాలను లెక్కగట్టి సాధన చేసిన అరుదైన మనిషి విద్య, కొత్తవాడికి మొదటి పాఠం కాదు. ఎంత ముందుకు గురి పెట్టాలో తానే లెక్కగట్టే, యుద్ధం చివర్లో వచ్చిన గైరో గన్‌సైట్ గానీ, తేలిక గేముల్లో ఎక్కడ కాల్చాలో చూపే గుర్తు గానీ ఉంటే ఈ బాధ ఉండదన్నది ఇంకో వాదన. ఆ సాయం కొట్టిపారేయదగ్గది కాదు. అయితే అది శత్రువు ఇప్పుడున్న తీరునే లెక్కలోకి తీసుకుంటుంది. తూటా దారిలో ఉండగా అతను ఒక్కసారి వంగితే లెక్క చెడుతుంది, వంగడానికి అతనికి వ్యవధి ఇచ్చేది మళ్లీ దూరమే.

మరి దగ్గరికొచ్చామని తెలిసేదెలా? కంటి అంచనాను నమ్మకూడదు. స్పిట్‌ఫైర్ గన్‌సైట్‌లో రెండు అడ్డగీతలుంటాయి. శత్రువు రెక్కల వెడల్పు, కావలసిన దూరం అందులో పెడితే, ఆ రెక్కలు గీతల మధ్య ఖాళీని నింపినప్పుడు ఆ దూరానికి వచ్చినట్టు. చిక్కల్లా వెడల్పుతోనే. పది మీటర్ల జర్మన్ ఫైటర్ మెసర్‌స్మిట్‌కు పెట్టిన గీతలను దాదాపు 22 మీటర్ల హెయిన్‌కెల్ బాంబర్ రెట్టింపు దూరం నుంచే నింపేస్తుంది. కొత్తవాళ్లు బాంబర్ల మీద తూటాలన్నీ తగలేసేది ఎక్కువగా ఇక్కడే. ఆట అయ్యాక రికార్డింగ్‌ను ట్రిగ్గర్ నొక్కిన క్షణం దగ్గర ఆపి దూరం చూడండి, అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటుంది.