కుడినుంచి చదివే పేరు

ఒరే నాన్నా, మన ఊరు మొదట్లో సాక్చి. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు, కాళీమాటి స్టేషనేమో టాటానగర్ అయింది. ఊరు ఉన్నచోటే ఉంది, పేరే మారింది. ఇంటర్నెట్‌లో అంతా తిరగేసి జరుగుతుంది. పేరు అలాగే ఉంటుంది, దాని వెనకున్న కంప్యూటరే ఇవాళ ఒకచోట, రేపు మరోచోట.

ఆదిత్యపూర్‌లో నువ్వు చేరాలని కలలుగంటున్న ఎన్ఐటీనే తీసుకో. దాని వెబ్‌సైట్ ఎన్ఐటీజేఎస్ఆర్.ఏసీ.ఇన్. మనకి పేరు చాలు గానీ కంప్యూటర్లకి అంకెలు కావాలి. చుక్కలు పెట్టి విడదీసిన నాలుగు సంఖ్యలు, ఒక్కోటి 0 నుంచి 255 లోపు. అదే ఐపీ అడ్రస్. (ఇంకా పొడవాటివీ వచ్చాయిలే, ఆ గొడవ ఇప్పుడొద్దు.) పేరుకి అంకెలు వెతికి తెచ్చే ఏర్పాటునే డీఎన్ఎస్ అంటారు.

ఒకప్పుడు ఇంత తతంగం లేదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థ వాళ్లు అన్ని పేర్లూ ఒకే ఫైల్లో రాసి ఉంచితే, అందరూ దాన్నే దింపుకునేవారు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ పద్దు మోయడం ఒక్కరి వల్ల కాలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ దాన్ని ముక్కలు చేసి, ఎవరి ముక్క వాళ్లే చూసుకునేలా పంచిపెట్టాడు. నన్నడిగితే ఇంటర్నెట్‌లో ఇంతకన్నా తెలివైన పని ఇంకోటి లేదు.

నీ ఫోను ముందు తను దాచుకున్నవాటిలో చూసుకుంటుంది. దొరక్కపోతే నెట్ కంపెనీ వాళ్ల రిజాల్వర్ అనే కంప్యూటర్‌ని అడుగుతుంది. ఇక తిరుగుడంతా దానిదే. అది పేరుని కుడినుంచి చదువుతుంది. ముందు అన్నిటికీ పైనున్న రూట్ సర్వర్‌ని అడుగుతుంది. ఏ నుంచి ఎం దాకా వాటికి 13 పేర్లు, ఆ పేర్ల వెనక ప్రపంచమంతా బోలెడు యంత్రాలు, మన దేశంలోనూ ఉన్నాయి. ‘ఎన్ఐటీ సంగతి నాకు తెలీదు, .ఇన్ వాళ్లనడుగు’ అంటుందది. .ఇన్ పద్దు చూసేది మన నిక్సీ సంస్థ. అక్కడ ‘ఆ కాలేజీ లెక్కలు ఫలానా సర్వర్లో ఉన్నాయి’ అంటారు. ఆ ఫలానా సర్వరే చివరికి అంకెలు చేతిలో పెడుతుంది. ఇదంతా రెప్పపాటులో.

తెచ్చిన జవాబుని రిజాల్వర్ దాచుకుంటుంది. ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో జవాబులోనే ఉంటుంది. 300 అంటే అయిదు నిమిషాలు, 86,400 అంటే రోజు. అందుకే వెబ్‌సైట్ చోటు మారిన పూట మన ఊళ్లోనే కద్మాలో ఒకరికి కొత్త పేజీ, సోనారీలో ఇంకొకరికి పాతదీ కనబడొచ్చు.

జవాబు చెప్పే సర్వరే అందకపోతే ఏమవుతుందో చూడు. 2021 అక్టోబర్ 4 రాత్రి ఫేస్‌బుక్, వాట్సాప్ ఆరు గంటలు ఆగిపోయాయి. వాళ్ల నెట్‌వర్క్ మరమ్మతులో ఇచ్చిన ఒక ఆదేశం బెడిసికొట్టి, ఆ పేర్లకి జవాబు చెప్పాల్సిన సర్వర్లే ఎవరికీ అందకుండా పోయాయి. పేరు లోకమంతటికీ తెలుసు, అంకెలు చెప్పే దిక్కు లేదు.

ఇక ఎన్ఐటీ పేరు చివరున్న ఏసీ.ఇన్ సంగతి. దాన్ని ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వరు, చదువు చెప్పే సంస్థలకే. మోసగాళ్లు ముందు కాలేజీ పేరంతా పెట్టి, చివర ఇంకేదో .కామ్ తగిలిస్తారు. అప్పుడది ఆ .కామ్ వాడిదే, కాలేజీది కాదు. ఫీజు కట్టేముందు పేరుని నువ్వూ కుడినుంచే చదువు. మీ నాన్నకీ చెప్పు.