ఇంటి గంటలు, మనుషుల గంటలు

మా మదర్సాలో చదువుకొని అమెరికాలోని టెక్సాస్‌లో స్థిరపడిన ఒక శిష్యుడు మార్చి నెలలో మాకు ఫోను చేశాడు. అతని భార్య లైసెన్సు పొంది, తమ ఇంటిలోనే చిన్నపిల్లల డేకేర్ నడుపుతున్నది. పన్ను పత్రాలు సమర్పించే గడువు దగ్గరపడింది. “ఉస్తాద్, ఏడాది పొడవునా ఇంటిల్లిపాదీ శ్రమించాము. ఎవరు ఎన్ని గంటలు పనిచేశామో వ్రాసుకోలేదు. ఇప్పుడు ఉజ్జాయింపుగా ఒక అంకె వేస్తే అది అబద్ధమవుతుందా?” అని అడిగాడు.

ప్రశ్న ఒక ఇంటిదే అయినా, పరదేశంలో ఇదే జీవనోపాధిగా ఎంచుకున్న సోదరీమణులందరికీ అది వర్తిస్తుంది. అందువల్ల ఆ దేశపు నియమాలను కొంత పరిశీలించాము.

అక్కడ సాధారణంగా వ్యాపారానికే ప్రత్యేకించిన గదికి మాత్రమే ఇంటి ఖర్చుల మినహాయింపు లభిస్తుంది. డేకేర్ విషయంలో ఈ నిబంధనకు సడలింపు ఉన్నది. పగలు పిల్లలు ఆడుకున్న హాలులోనే రాత్రి కుటుంబం కూర్చున్నా మినహాయింపు పోదు. అయితే నిర్వాహకురాలికి రాష్ట్ర చట్టం ప్రకారం లైసెన్సు గాని, నమోదు గాని ఉండాలి. లేదా ఆ చట్టమే వాటి అవసరం లేదని చెప్పి ఉండాలి. అద్దె, విద్యుత్తు, నీరు, బీమా వంటి ఖర్చులలో డేకేర్ వాటాను 8829 సంఖ్య గల ఫారంలో చూపుతారు. ఆ వాటాను రెండు కొలతలు నిర్ణయిస్తాయి: ఇంటిలో వాడిన స్థలం ఎంత, సంవత్సరంలోని 8,760 గంటలలో వాడిన కాలం ఎంత.

ఒక ఉదాహరణ చూద్దాము. 1,800 చదరపు అడుగుల ఇంటిలో 1,440 అడుగులు క్రమం తప్పక డేకేర్‌కు ఉపయోగపడితే అది 80 శాతం. పిల్లలు రోజుకు పదిన్నర గంటల చొప్పున 250 రోజులు ఉంటే 2,625 గంటలు. పిల్లలు వెళ్లిన తరువాత వారి కోసమే చేసే శుభ్రత, వంట ఏర్పాట్లు, ఆటవస్తువుల సర్దుబాటు, లెక్కల వ్రాత కూడా ఈ కాలంలో చేరుతాయి. వారానికి 8 గంటల చొప్పున 50 వారాలకు అవి 400 గంటలు. ఇంటి ఖర్చు 20,000 డాలర్లయితే, ఈ 400 గంటల వల్ల చూపదగిన ఖర్చు సుమారు 730 డాలర్లు పెరుగుతుంది. పన్ను అంత తగ్గుతుందని కాదు. పన్ను లెక్కించే ఆదాయం అంత తగ్గుతుంది. వ్రాసుకోకపోతే ఆ న్యాయమైన హక్కును నిరూపించుకోవడం కష్టం.

పొరపాటు జరిగేది ఇక్కడే. సాయంత్రం 6 నుండి 7 వరకు భార్య మరునాటి ఉపాహారం సిద్ధం చేయగా, భర్త హాలు తుడిచాడనుకుందాము. ఇది రెండు గంటలు కాదు, ఒక్క గంటే. ఈ ఫారం అడిగేది ఇల్లు ఎంతసేపు వినియోగపడిందన్నదే గాని, ఎందరు శ్రమించారని కాదు. పిల్లలు ఉన్న సమయంలోనే కుమారుడు సాయం చేస్తే ఇంటి గంటలు ఏమాత్రం పెరగవు. కుటుంబం కోసం వండిన వంట, ఉతికిన బట్టలు అసలే లెక్కలోకి రావు.

మనుషుల గంటలు వేతనానికి సంబంధించినవి. కనుక వాటికి వేరే పుస్తకం కావాలి. తల్లి సొంతంగా నడిపే డేకేర్‌లో 18 ఏళ్లు నిండని బిడ్డకు వేతనమిస్తే, దానిపై సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు ఉండవు. భర్తకిచ్చే వేతనంపై ఉంటాయి. ఎవరికైనా పని నిజంగా జరిగి ఉండాలి, వేతనం సమంజసంగా ఉండాలి, సొమ్ము నిజంగా చేతికి చేరి ఉండాలి. ఇక సందర్శక వీసాపై వచ్చిన అమ్మానాన్నల పేర్లను జీతాల పట్టీలో చేర్చడం తగదు. ఆ వీసాపై ఉద్యోగం చేయడానికి అనుమతి లేదు.

మా శిష్యుని ఇంటిలో పదిహేనేళ్ల కుమారుడు రోజూ తల్లికి తోడ్పడ్డాడు, కాని అతనికి ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు. “ఇచ్చినట్లు చూపవచ్చునా?” అన్నది అతని రెండవ ప్రశ్న. “ఇవ్వనిదానిని ఇచ్చినట్లు వ్రాస్తే, ప్రభుత్వానికి అబద్ధం చెప్పినట్లు; బిడ్డకు దానిని నేర్పినట్లు” అన్నాము. మొదటి ప్రశ్నకు మా సమాధానం ఇది: “పిల్లల హాజరుపట్టీలు, ఫీజు రసీదులు, సరుకుల బిల్లులు, ఫోనులోని సందేశాలు వెదకండి. వాటి ఆధారంగా నిలిచే గంటలను వ్రాయండి. మిగిలినవి వదులుకోండి. చివరి లెక్కను పన్ను నిపుణునికి చూపండి.”

అప్పు వ్యవహారాన్ని వ్రాసిపెట్టుకోవాలని బఖరా సూరా 282వ ఆయత్ బోధిస్తుందని ఏటా విద్యార్థులకు పాఠం చెప్పే మాకు, వ్రాత విలువ ఆ రోజు మరింత స్పష్టమైంది.

ఇప్పుడు ఆ ఇంటి వంటగది గోడకు ఒక క్యాలెండరు, దాని కింద రెండు పుస్తకాలు ఉన్నాయి. తేదీ, మొదలైన సమయం, ముగిసిన సమయం, చేసిన పని: ఏ రోజుది ఆ రోజే వ్రాస్తారు. పత్రాలు సమర్పించిన తరువాత కనీసం మూడేళ్లు వాటిని భద్రపరచాలి. కుమారునికి నెలనెలా వేతనం అతని ఖాతాలో చేరుతున్నది.

శిష్యుడు ఇటీవల మరో మాట చెప్పాడు. పుస్తకం మొదలుపెట్టిన నెల తరువాత, తన భార్య పిల్లలు వెళ్లాక కూడా ఎంతసేపు పనిచేస్తున్నదో మొదటిసారి గమనించాడట. అప్పటినుండి హాలు తుడిచే గంట అతనిదే అయింది. పన్ను కోసం తెరిచిన పుస్తకం ఒక ఇల్లాలి శ్రమకు సాక్ష్యం పలికింది. అటువంటి పుస్తకం మీ ఇంటిలో లేకపోతే, ఈ రాత్రే తెరవండి.