సభ ముగిసిన మరునాడు

ఉత్సవమునకు ముందుండు ఉత్సాహమును వర్ణించినవారు అనేకులు. ఉత్సవము ముగిసిన మరునాటి మనస్సును గూర్చి వ్రాసినవారు కొలదిమంది. పందిరి విప్పిన పిమ్మట వాకిలి ఎట్లు బోసిపోవునో, సందడి అణగిన పిమ్మట మనస్సును అట్లే బోసిపోవును. పెండ్లి జరిగిన యింటివారికిని, పరీక్షలు ముగించిన విద్యార్థులకును, నాటకమాడి రంగు కడిగికొన్న నటులకును ఇది అనుభవమే. అయితే ఈ దిగులునకు ఒక పేరు పెట్టుకొని, దానిని దాటుటకు కొన్ని ఆచారములను గూడ కల్పించుకొన్నవారు కలరు. వారు పాశ్చాత్యదేశములందలి వైజ్ఞానిక కల్పనా సాహిత్యాభిమానులు. వారు దీనిని ‘పోస్ట్ కాన్ డిప్రెషన్’ అందురు. అనగా సభానంతర విషాదము.

వీరి మొదటి ప్రపంచ మహాసభ 1939 జూలై 2 మొదలు 4 వరకు న్యూయార్కు నగరమున జరిగినది. హాజరైనవారు సుమారు 200 మంది. లాస్ ఏంజెలెస్ నుండి వచ్చిన ఫారెస్ట్ అకర్‌మన్ అను అభిమాని, భావికాలపు మానవుని వలె వేషము ధరించి ఆ సభలో తిరిగెను. ఆ దుస్తులను కుట్టినది ఆతని నెచ్చెలి మిర్టిల్ డగ్లస్. ఆమెయు అట్టి వేషముతోనే వచ్చినది. నేడు లోకమంతట అభిమానుల సభలలో కానవచ్చు వేషధారణకు ఇది తొలి అడుగులలో నొకటి. యుద్ధకారణమున 1942 మొదలు 1945 వరకు నిలిచిపోయిన ఈ సభలు 1946లో తిరిగి ఆరంభమైనవి. 1970 ఆగస్టులో సాన్ డియెగోలో సుమారు 300 మందితో మొదలైన చిత్రకథాభిమానుల సభ, తరువాతి కాలమున లక్షమందికి మించిన జాతర యైనది. టోక్యోలో 1975 డిసెంబరు 21న 32 బృందములతో అట్టిదే మరియొకటి వెలసినది. 2013లో హైదరాబాదు నగరమునను ఇట్టి సభ జరిగినది. కనుక ఆ మరునాటి దిగులు నేడు తెలుగు విద్యార్థులకును పరాయిది కాదు.

పెద్దలు కొందరు దీనిని వినోదము తీరని పిల్లల మారాము అని కొట్టివేయుదురు. అది న్యాయము కాదు. ఒక చిన్న ఊరిలో ఒకే విధమైన పుస్తకములను ప్రాణప్రదముగ చదువుకొను బాలుని ఊహింపుడు. ఇంటిలో ఆ పుస్తకముల పేరెత్తిన ‘చదువు చూచుకొమ్ము’ అందురు. బడిలో నవ్వుదురు. ఆతడు తనకు ప్రియమైనదానిని నలుగురిలో దాచుకొనుటకు అలవాటు పడును. అట్టివాడు సభాద్వారమున అడుగిడినంతనే దాచవలసిన పని తీరిపోవును. ఎవరికిని ఏమియు వివరింప నక్కరలేదు. ఉత్తరములలో మాత్రమే తెలిసిన పేర్లు మనుష్యులై యెదుట నిలుచును. మూడు దినములు ఆతడు వింతవాడు కాడు, అందరిలో ఒకడు. నాలుగవనాడు తిరిగి అదే వీధి, అదే గది. కావున ఆతడు పోగొట్టుకొన్నది వినోదము మాత్రమే కాదు. తన్ను తానుగా గుర్తించిన సమాజమును పోగొట్టుకొన్నాడు.

ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్క్‌హైమ్ 1912లో ప్రకటించిన మతవిషయక గ్రంథమున, జనులు ఒకచోట గూడినపుడు పుట్టు సామూహికోద్రేకమును వివరించెను. చెదరి బ్రతుకు దినములలో మందముగ నుండు జీవనము, గూడిన దినములలో ఉవ్వెత్తున లేచునని ఆతని భావము. లేచిన కెరటము దిగకుండునా? 1974లో రిచర్డ్ సాలమన్, జాన్ కార్బిట్ అను మనస్తత్త్వవేత్తలు, ప్రతి తీవ్రభావమునకు వెనుకనే దానికి ప్రతికూలమైన భావమొకటి మేల్కొని, మొదటిది తొలగిన పిమ్మట కొంతసేపు నిలుచునని సిద్ధాంతీకరించిరి. వీనికి తోడు దేహమును లెక్కింపవలెను. చాలని నిద్ర, వేళతప్పిన భోజనము, దూరప్రయాణము, ఎడతెగని సంభాషణ: ఇవన్నియు మరునాడు తమ బాకీని వసూలు చేసికొనును. కావున మొదటి చికిత్స మిక్కిలి సామాన్యమైనది: వేళకు భోజనము, కంటినిండ నిద్ర, వీలైన యెడల పనికి పోవుటకు ముందు ఒక దినము విశ్రాంతి.

అభిమానులు కల్పించుకొన్న ఉపాయములు ఇంతకంటె సరసమైనవి. సభ ముగిసిన రాత్రి, ఇంకను ఊరు వదలనివారు కలసి ఒక చిన్న గోష్ఠి జరుపుకొందురు. దాని పేరు ‘డెడ్ డాగ్ పార్టీ’, అనగా చచ్చిన కుక్క విందు! పేరు వికృతమే, ప్రయోజనము మాత్రము గొప్పది. అందు కార్యక్రమము లేదు, ఉపన్యాసము లేదు. అలసినవారు కూర్చుండి మెల్లగ మాటలాడుకొందురు. మేడమీదనుండి ఒక్కసారిగ దూకక మెట్లుదిగుట వంటిది యిది.

రెండవ ఉపాయము వ్రాత. బెల్‌ఫాస్ట్ నగరమునందలి వాల్ట్ విల్లిస్ అను అభిమాని, ‘స్లాంట్’ అను చిన్న పత్రికను చేతితో అక్షరములు కూర్చి ముద్రించుచుండెను. 1952లో అమెరికాలోని మిత్రులు చందాలు ప్రోగుచేసి ఆతనిని చికాగో మహాసభకు రప్పించిరి. తిరిగివచ్చిన విల్లిస్ ఊరకుండక ఆ యాత్రను సవిస్తరముగ వ్రాసెను. అది ‘ది హార్ప్ స్టేట్‌సైడ్’ అను గ్రంథమైనది. ఆ యాత్ర స్ఫూర్తితో 1953లో అట్లాంటిక్ సముద్రమునకు ఇరువైపుల అభిమానులను పరస్పరము పంపుకొనుటకు ఒక నిధి ఏర్పడి, నేటికిని సాగుచున్నది. ఆ నిధివలన పోయివచ్చినవారు యాత్రావృత్తాంతము వ్రాయవలెనను సంప్రదాయము గూడ నిలిచినది. ఒకని ఆనందము వ్రాతలోనికెక్కి, రాలేనివారికి గూడ ఆనందమైనది.

ఈ అభిమానుల భాషలో ‘గాఫియా’ అను మాట యొకటి కలదు. ‘అన్నిటినుండి తొలగిపోవుట’ అని దాని అర్థము. మొదట అది నిత్యజీవితమును వదలి అభిమానలోకమున ప్రవేశించుటను తెలిపెడిది. కాలక్రమమున అభిమానలోకమును వదలి నిత్యజీవితమునకు పోవుటను తెలుపజొచ్చినది. ఒకే మాట రెండు దిక్కులకు తలుపు తెరచినది! సభనే నిజమైన జీవితమనియు, ఇల్లు చెరసాల యనియు భావించువానికి ఈ మాట చరిత్ర ఒక హెచ్చరిక. సభకు వచ్చినవారందరు ఎచ్చటనో పనిచేయువారే. ఆ పనులే వారిని, వారి కథలను పోషించినవి.

మన పెద్దలు ఈ సత్యమును ఎరిగియే పూజావిధిని కల్పించిరి. ఆవాహన చేసినవారు ఉద్వాసన చెప్పక లేవరాదు. తిరుమల బ్రహ్మోత్సవములకు ధ్వజారోహణము ఎట్టిదో, ధ్వజావరోహణమును అట్టిదే. వీడ్కోలు గూడ ఉత్సవములో ఒక అంగమని దీని తాత్పర్యము.

ఉపాధ్యాయులు దీనిని పాఠశాలలో సులభముగ ఆచరింపవచ్చును. వార్షికోత్సవమునకు నెలదినములు శ్రమించిన పిల్లలను మరునాటి ఉదయమే గణితములో ముంచుటకు ముందు, ఒక్క గంట వారికిచ్చి, చూచినదియు చేసినదియు చెప్పుకొననిండు, వ్రాయనిండు. తోరణములను వారిచేతనే విప్పింపుడు. సభనుండి దూరపు మిత్రునితో తిరిగివచ్చిన విద్యార్థి, ఆ వారముననే ఒక్క ఉత్తరము వ్రాసిన చాలును. మూడుదినముల స్నేహము ఏడాది స్నేహమగును. అయితే దిగులు రెండు వారములకు మించి నిలిచి, నిద్రాహారములను, చదువును చెరచిన యెడల, దానిని సభపై నెట్టి ఊరకుండరాదు. వైద్యుని సంప్రదింపవలెను.

అట్టిది కానియెడల ఈ విషాదమునకు వెరవనక్కరలేదు. ప్రేమింపనిదానికై ఎవరును దిగులుపడరు. దూరపు సభలో దొరికిన ఆదరమును తన ఊరికి తెచ్చి, తనవలె ఒంటరిగ చదువుకొను మరియొక బాలునికి పంచిపెట్టినవానికి ఆ సభ ముగియనే ముగియదు.