చింతపండు తర్వాత బూడిద

పెత్రమాసకు రెండు రోజుల ముందు నిజామాబాద్ పాత ఇళ్ళలో అటక మీది ఇత్తడి సామాను కిందికి దిగుతుంది. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తంగేడు, గునుగు పేర్చాలంటే తాంబాళం కావాలి. ఏడాదిపాటు గుడ్డలో చుట్టి ఉంచిన తాంబాళం బయటికి తీసేసరికి గుర్తు పట్టలేనట్టు ఉంటుంది. అంచుల వెంట నలుపు, మధ్యలో గోధుమరంగు మరకలు, పిడి అతికిన చోట పచ్చటి చిలుము. పులుసు పిండేశాక మిగిలిన చింతపండు పిప్పి, గుప్పెడు దొడ్డుప్పు తీసుకుని నల్లా దగ్గర కూర్చుంటే చాలు. అయిదు నిమిషాల్లో ఆ మకిలి కింద నుంచి పసుపుపచ్చని మెరుపు బయటపడుతుంది.

ఈ పని చేసేటప్పుడు మా నాయనమ్మ రెండు మాటలు తప్పకుండా చెప్పేది. "నానవెట్టి మర్చిపోకు బిడ్డా, ఎర్రవడ్తది" అనేది మొదటిది. "పులుపు పోయేదాక బూడిద రాయాలె" అనేది రెండోది. అప్పుడు నాకవి పెద్దవాళ్ళ చాదస్తంలా అనిపించేవి. కాలేజీలో రసాయనశాస్త్రం చదివాక తెలిసింది, ఇత్తడిని శుభ్రం చేయడంలో ఉన్న శాస్త్రమంతా ఆ రెండు మాటల్లోనే ఉందని.

ముందు ఆ మకిలి ఏమిటో చూద్దాం. అది బయటి నుంచి వచ్చి అంటుకున్న మురికి కాదు. ఆ లోహమే అలా మారిపోయింది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన మిశ్రమం, అందులో ఎక్కువ పాలు రాగిదే. గాలిలోని ఆక్సిజన్‌తో రాగి కలిస్తే మొదట ఎర్రటి ఆక్సైడ్, ఆ తర్వాత నల్లటి ఆక్సైడ్ పొరగా ఏర్పడతాయి. తేమ, బొగ్గుపులుసు వాయువు కూడా తోడైతే ఆకుపచ్చని కార్బొనేట్ పుడుతుంది. మనం చిలుము అనేది దాన్నే. పప్పో పులుసో కళాయి లేని ఇత్తడి గిన్నెలో ఎక్కువసేపు ఉంటే చిలుమెక్కిందని పారబోస్తాం కదా, అక్కడ పులుపు రాగిని కరిగించి కూరలోకి లాగేస్తుంది. అంటే వంటలో మనల్ని భయపెట్టే పనినే తోమేటప్పుడు మనకు అక్కరకొచ్చేలా వాడుకుంటున్నాం.

పులుపు పొరను మాత్రమే తీసి, లోపలి లోహాన్ని ఎందుకు వదిలేస్తుంది? ఇక్కడే రాగి స్వభావం మనకు కలిసొస్తుంది. ఇనుము, జింకు లాంటి లోహాలను ఆమ్లంలో వేస్తే హైడ్రోజన్ బుడగలు వస్తాయి, లోహం కరిగిపోతుంది. రాగి అలా చేయదు. చర్యాశీలత వరుసలో అది హైడ్రోజన్ కంటే కింద ఉంటుంది కాబట్టి చింతపండు, నిమ్మకాయ లాంటి మెత్తని ఆమ్లాలు స్వచ్ఛమైన రాగిని తేలిగ్గా కదిలించలేవు. రాగి ఆక్సైడ్, కార్బొనేట్ మాత్రం ఆమ్లం తగిలిన వెంటనే కరిగి నీళ్ళలో కలిసిపోతాయి. చిలుము పట్టిన చోట నిమ్మరసం పిండితే సన్నని నురగ కనిపిస్తుంది. అది బొగ్గుపులుసు వాయువు బయటికి పోవడం.

చింతపండులో ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. గుజ్జు బరువులో దాదాపు 8 నుంచి 18 శాతం వరకూ అదే ఉంటుంది. కాయ పండినా ఈ పులుపు విరిగిపోదు, అందుకే పండిన చింతపండు తియ్యగా ఉంటూనే పళ్ళు పులిసేలా చేస్తుంది. ఈ ఆమ్లానికి ఇంకో గుణం ఉంది. అది కరిగిన రాగి అయాన్లను రెండు చేతులతో పట్టుకున్నట్టు పట్టేసి మళ్ళీ పాత్ర మీద తేలిగ్గా కూర్చోనివ్వదు. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లమూ ఇంతే. ఉప్పు కలపడానికీ కారణం ఉంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు ఎర్రటి రాగి ఆక్సైడ్‌ను త్వరగా కరిగేలా చేస్తాయి, గరుకుగా ఉండే గళ్ళు రాపిడికీ పనికొస్తాయి. చింతపండు పిప్పికి మాత్రం నిమ్మరసం సాటిరాదని నా అభిప్రాయం. నిమ్మరసం నిలువు గోడల మీద నుంచి జారిపోతుంది. పిప్పి, పీచు అంటుకుని ఉండి ఆమ్లాన్ని చేయాల్సిన చోటే నిలబెడతాయి. పుల్ల మజ్జిగ కూడా తోమడానికి పనికొస్తుంది, అందులో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. పని మాత్రం నెమ్మది.

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం. రాగిని ముట్టుకోని పులుపు ఇత్తడిని ఎందుకు ఎర్రబరుస్తుంది? ఇత్తడిలో జింకు ఉంది కదా, అది రాగిలా మొండిది కాదు. గంటలకొద్దీ పులుపులో నానితే పైపొరలోని జింకు కరిగి బయటికి వెళ్ళిపోతుంది, దాని చోట సన్నని రంధ్రాలతో ఎర్రటి రాగి మిగులుతుంది. ముందే కరిగిన రాగి కూడా కొంత తిరిగి వచ్చి పేరుకుంటుంది. ఇత్తడి తాంబాళం గులాబీ ఛాయకు తిరుగుతుంది. తోమితే కొంత పోతుంది, బాగా లోతుకెళితే పోదు. పాత్ర సగం మాత్రమే మునిగి ఉంటే ఇంకో ఇబ్బంది. గాలి, ఆమ్లం రెండూ కలిసే నీటి గీత దగ్గర లోహం ఎక్కువగా కరిగిపోతుంది. అందుకని పాత్రను నానబెట్టకుండా పూసి, రెండు మూడు నిమిషాలు ఆగి, రుద్ది, కడిగేయాలి. అవసరమైతే మళ్ళీ ఇంకోసారి చేయాలి. ఒక్కసారి గంటసేపు ఉంచడం కంటే మూడుసార్లు అయిదేసి నిమిషాలు మేలు.

రెండో మాట నాకు మరీ ఇష్టం. పులుపుతో కడిగాక నీళ్ళు పోసి ఆరబెడితే చాలదా, బూడిద ఎందుకు? కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. అది క్షారం. లోహపు సందుల్లో, చెక్కడపు గీతల్లో మిగిలిపోయిన ఆమ్లాన్ని అది చంపేస్తుంది. మెత్తని రేణువులు కాబట్టి పాలిష్ పొడిలాగా కూడా పనిచేస్తుంది. ఆమ్లం, ఉప్పు మిగిలిపోతే తేమ తగిలిన రెండో రోజే పచ్చటి మచ్చలు లేస్తాయి. క్లోరైడ్ మిగలడమే దానికి కారణం. మ్యూజియాల్లో పురాతన కంచు విగ్రహాలను పాడుచేసే పొడిపొడి ఆకుపచ్చ జబ్బు కూడా క్లోరైడ్ వల్లే వస్తుంది.

బూడిద క్షారమని నమ్మకం కలగకపోతే నిజామాబాద్ వాళ్ళకు పరీక్ష చేయడానికి లేబొరేటరీ అక్కర్లేదు. ఇది పసుపు మార్కెట్ ఊరు, 2025లో జాతీయ పసుపు బోర్డు కొలువుదీరిన ఊరు. చెంచాడు బూడిదను నీళ్ళలో కలిపి వడకట్టి, ఆ తేటలో చిటికెడు పసుపు వేయండి. పసుపు ఎర్రగా మారుతుంది. పారాణికి సున్నం కలిపినప్పుడు జరిగేది కూడా ఇదే. బూడిద దొరకని ఫ్లాట్లలో వంటసోడా కలిపిన నీళ్ళు ఆ పని చేస్తాయి. తర్వాత మంచినీళ్ళతో కడిగి, తడి మిగలకుండా పొడి గుడ్డతో తుడవాలి. నీటి చుక్క నిలిచిన చోటే కొత్త మరక మొదలవుతుంది.

ఇక్కడి నుంచి బోధన్ వైపు వెళ్తే ఇదే కథ పెద్ద ఎత్తున కనిపిస్తుంది. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కాలువ నీళ్ళతో ఈ నేల చెరకుదైంది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లుగా దానికి పేరుండేది. 2015 డిసెంబరులో మూతపడే దాకా రెండు మూడు తరాల బతుకు దాని చుట్టూ తిరిగింది. చక్కెర మిల్లులో చెరకు రసాన్ని సున్నంతో, గంధకపు పొగతో శుభ్రం చేసి ఆవిరితో వేడిచేసే గొట్టాల్లో చిక్కబరుస్తారు. పాతకాలంలో ఆ గొట్టాలు ఇత్తడివీ రాగివీ ఉండేవి. రసం కాగేకొద్దీ కాల్షియం లవణాలు, సిలికా గొట్టాల లోపల గారలా పేరుకుంటాయి, వేడి సరిగ్గా అందదు. క్రషింగ్ సీజన్లో మధ్యమధ్య మిల్లు ఆపి ఆ గొట్టాల్లో కాస్టిక్ సోడా ఉడికించి, తర్వాత పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం నింపి గార తీసేవారు. లోహం కరగకుండా ఆమ్లంలో నిరోధక రసాయనం కలిపేవారు. నాయనమ్మ తాంబాళం పనీ, మిల్లులో గొట్టాల పనీ ఒకే సూత్రం మీద నడుస్తాయి: పొర కరగాలి, లోహం మిగలాలి.

చెరకుకు ఈ కథలో ఇంకో పాత్ర ఉంది. కిరాణా కొట్లో చిన్న పొట్లాల్లో అమ్మే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, పేరులో నిమ్మ ఉన్నా ఈ రోజుల్లో నిమ్మకాయల నుంచి రాదు. నిమ్మరసం నుంచి దాన్ని మొదటిసారి స్ఫటికాలుగా వేరుచేసింది షీలే అనే స్వీడిష్ రసాయనవేత్త, 1784లో. తర్వాత చాలాకాలం ఇటలీ నిమ్మతోటలే దానికి ఆధారం. 1917లో జేమ్స్ కరీ అనే అమెరికా శాస్త్రవేత్త ఓ చిన్న జీవి సాయంతో చక్కెర నుంచి దాన్ని పెద్ద మొత్తంలో తీయొచ్చని చూపించారు. ఆ జీవి ఇంకేదో కాదు, నిల్వ ఉన్న ఉల్లిగడ్డ పొరల మీద నల్లగా పట్టే బూజు. 1919లో ఫైజర్ కంపెనీ అలా తయారీ మొదలుపెట్టింది. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్ కూడా ఆ బూజుకు మంచి మేత. చెరకు పొలాల మధ్య ఉన్న ఇంట్లో నిమ్మ ఉప్పుతో బిందె కడిగేవాళ్ళకు ఈ సంగతి తెలిస్తే సంతోషమనిపిస్తుందని రాస్తున్నాను. గ్లాసు గోరువెచ్చని నీళ్ళకు చిన్న చెంచాడు నిమ్మ ఉప్పు సరిపోతుంది. బోరు నీళ్ళు కాచే కెటిల్లో తెల్లగా పేరుకున్న గారకు దీన్ని మించింది లేదు.

వెండి సంగతి వేరు. పట్టీలు నల్లబడేది ఆక్సైడ్ వల్ల కాదు, గంధకం వల్ల. సిల్వర్ సల్ఫైడ్‌ను చింతపండు, నిమ్మకాయ కదిలించలేవు, ఎంత రుద్దినా వెండే అరుగుతుంది. ఒక గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, పట్టీలు దానికి తగిలేలా పెట్టి, వేడినీళ్ళు, రెండు చెంచాల వంటసోడా పోయండి. అల్యూమినియం తన ఎలక్ట్రాన్లు ఇచ్చి వెండిని గంధకం నుంచి విడిపిస్తుంది, వెండి తిరిగి దాని చోటే నిలుస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన రావచ్చు, కిటికీ తెరవండి. రాళ్ళు పొదిగిన నగలకు ఇది వద్దు.

చెరకు నరికే కత్తుల తుప్పుకూ పులుపు పనిచేస్తుంది, అయితే అక్కడ బుడగలు కనిపించాయంటే ఇనుమే కరుగుతోందని అర్థం. వెంటనే తీసి కడిగి, తుడిచి, నూనె రాయాలి. పెంబర్తి పనివాళ్ళు ఇత్తడి రేకు మీద ఉలితో లేపిన బొమ్మలను ఇటుకపొడితో రుద్దొద్దు, గీతలు అరిగిపోతాయి. పాత నాణేలను అసలు తోమొద్దు, నిజాం కాలపు రాగి నాణెం విలువ సగం దాని మీది పొరలోనే ఉంటుంది. కళాయి పూసిన గిన్నె లోపలి వైపు ఉప్పు, బూడిదతో గట్టిగా గోకొద్దు, ఆ తగరం పూత చాలా పలుచన.

బాత్రూమ్ ఆసిడ్‌తో ఇత్తడి ఒక్క క్షణంలో తెల్లబడుతుందని చాలామంది చెబుతారు. దయచేసి వాడకండి. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, జింకును తినేసి క్లోరైడ్‌ను వదిలిపోతుంది, కళ్ళకూ ఊపిరికీ ప్రమాదం. బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. తాగునీటిలో రాగి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. అందుకే రాగి బిందెలో మంచినీళ్ళే పోయండి, రాగిని కరిగించే మజ్జిగ, నిమ్మరసం పోయొద్దు. తోమాక పచ్చగా మారిన నీళ్ళు పశువుల కుడితిలోకి, పూలకుండీల్లోకి కాకుండా నేరుగా మోరీలో పోసేయండి.